దుబాసి లేని కచేరి

‘అన్‌సపోర్టెడ్ డ్రైవర్’ అను రెండు మాటలు తెరమీద ఎఱ్ఱని అక్షరములలో కనబడినంతనే, ఆ మాటలకు పైన ఏమున్నదో క్రింద ఏమున్నదో చదువక, చేతికందిన ప్యాకేజీల నెల్ల తీసివేసి మరల ఎక్కించుటకు పూనుకొనుట భూగోళ సమాచారముతో పనిచేయు మన యువకులకు పట్టిన ఒక దురలవాటు. ఆ దురలవాటు నాకును చిరకాలము ఉండెను గనుక, దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పు అధికారము నాకు కొంత కలదని యనుకొనెదను. పునఃస్థాపనము ఒక్కొక్కమారు ఫలించును. కాని ఆ ఫలము వలన మనకు దక్కునది స్వల్పము. ఏలయన రోగమేదో తెలియకయే రోగము పోయినది. మరల వచ్చిన నాడు మరల రాత్రియంతయు జాగరణమే.

డ్రైవరు అను మాట వినగానే మనకు ఆర్టీసీ బస్సు ముందు కూర్చున్న ఖాకీ చొక్కా మనిషి స్ఫురించును. కంప్యూటరు వాడువానికి ప్రింటరుతోబాటు వచ్చు చిన్న ప్రోగ్రాము స్ఫురించును. మన ప్రస్తుత విషయములో ఈ మాటకు గల యర్థమునకు ఆ రెండింటికంటె మన పూర్వుల ‘దుబాసి’ యను మాట దగ్గరగా నున్నది. కుంపిణీవారి కాలమున చెన్నపట్టణపు కచేరీలలో దొరలకును దేశీయులకును నడుమ నిలిచి, ఒకరి మాటను ఇంకొకరి మాటగా మార్చి చెప్పినవాడు దుబాసి. దొరకు తెలుగు రాదు, రైతుకు ఇంగ్లీషు రాదు. దుబాసి ఆనాడు రాకపోయినచో ఎదురెదురుగా కూర్చున్న ఇరువురును మూగవారే. జీడాల్ అను లైబ్రరీ అట్టి దుబాసీల పెద్దకొలువు. షేప్‌ఫైలు భాష తెలిసినవాడొకడు, కేఎమ్ఎల్ తెలిసినవాడొకడు, జియోప్యాకేజీకొకడు, పోస్ట్‌గ్రెస్‌కొకడు. ఇట్లు రాస్టరు వెక్టరు అన్నియు కలిపి లెక్కించినచో 200కు పైబడిన డ్రైవర్లు ఆ కొలువునకు సంబంధించినవారున్నారు. సంబంధించినవారున్నారను మాటను జాగ్రత్తగా వ్రాసితిని. అందరును ప్రతి కచేరీలోను హాజరై యుందురని నేననలేదు. ఈ అధ్యాయమంతయు ఆ భేదము మీదనే నిలిచినది.

జీడాల్ కథ 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ అను కెనడా దేశీయుని చేతిమీదుగా మొదలైనది. అందులో వెక్టరు భాషలు తెలిసిన విభాగమునకు ఓజీఆర్ అని పేరు. పైథాను వ్రాయువాడు సాధారణముగా ఈ కొలువులోనికి నేరుగా పోడు. అతడు జియోపాండాస్‌ను పిలుచును. జియోపాండాస్ ఫియోనానో పైఆగ్రియోనో పిలుచును. 2024లో వెలువడిన 1.0 నుండి మొదట పిలుపందుకొనునది పైఆగ్రియో; అంతకు పూర్వము ఫియోనా. ఆ పిలువబడినది జీడాల్‌ను పిలుచును. జీడాల్ తన దుబాసీలలో తగినవానిని పిలుచును. ఇన్ని చేతులు మారి ‘లేదు’ అను జవాబు మన చెవిని బడునప్పటికి, లేదన్నవాడు ఏ మెట్టుమీది వాడో తెలియని స్థితి ఏర్పడును. ఈ చిక్కును విప్పుట యనగా ముక్కాలు మువ్వీసము ఆ మెట్టును గుర్తించుటయే.

గత వేసవిలో ఒకనాటి రాత్రి పదకొండు గంటలు దాటిన పిమ్మట నా మేనల్లుడు అనంతపురమునుండి ఫోను చేసెను. ఆ ప్రాంతపు చెరువులను, కాలువలను పటముగా కూర్చు పని వానికి అప్పగింపబడినది. ఒక కార్యాలయమువారు తమ వద్దనున్న సమాచారమును డాట్ జీడీబీ అను తోకగల ఫోల్డరుగా ఇచ్చి, సరిదిద్దిన పిదప అదే రూపమున తిరిగి ఇమ్మనిరి. వాడు దానిని తెరవను లేడు, వ్రాయను లేడు.

“మామా, ఎట్ల చేసినా రాలేదు. అంతా తీసేసి నాలుగుసార్లు మళ్ళా ఎక్కించినా.”

“చిట్టచివరి వరస చదువు.”

“చదివినా మామా. డ్రైవర్ లేదంటాది.”

“ఏ డ్రైవరు? పేరు చెప్పలేదా?”

“ఫైల్‌జీడీబీ.”

“ఆ పేరు అది చెప్పిందా, ముందు నువ్వు చెప్పినావా?”

ఫోనులో కొంతసేపు పంకా తిరుగు చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు. తరువాత వాడు మెల్లగా, “ఎక్కడో చూసి రాసుకున్న కోడ్ మామా, దాంట్లో ఉండె” అనెను.

అదియే విషయము. కచేరిలో లేని మనిషిని పేరుపెట్టి పిలిచినవాడు వాడే; వాడు పిలిచిన పేరునే యంత్రము తిరిగి వానికి చదివి వినిపించినది. తప్పు వెదకునపుడు మనము ముందుగా యంత్రము యొక్క వాక్యములో ఏ పదములు దానివో, ఏ పదములు మనవో వేరుచేసికొనవలయును. ఇంత చిన్న పనిని విద్యావంతులు కూడ చేయకపోవుట నాకు ఎప్పుడును వింతగానే తోచును. ఎఱ్ఱని అక్షరములకు కన్నులను మూయించు శక్తి యేదో కలదు.

ఫైల్‌జీడీబీ, ఓపెన్‌ఫైల్‌జీడీబీ అని రెండు పేర్లు. రెండును ఎస్రీ సంస్థవారి ఫైల్ జియోడేటాబేస్ అను ఒకే భాషకు దుబాసీలు; కాని పుట్టుపూర్వోత్తరములు వేరు. మొదటిది ఎస్రీవారే ఇచ్చు ప్రత్యేక సాధనసంపుటిని ఆశ్రయించి బ్రదుకునది. ఆ సంపుటి లేనిచోట జీడాల్‌ను కూర్చునపుడు దానిని చేర్చుటకు వీలులేదు గనుక, పిప్ ద్వారా మనకు వచ్చు ఫియోనా మూటలో అది ఉండదు. రెండవదానిని ఏ సంపుటియు అవసరము లేకుండ ఆ రూపము లోగుట్టును శోధించి ఈవెన్ రువో అను ఫ్రెంచి ప్రోగ్రామరు వ్రాసెను. 2014లో వెలువడిన జీడాల్ 1.11తో అది చదువుట నేర్చినది, 2022లో వెలువడిన 3.6తో వ్రాయుట నేర్చినది. ఈ రెండు సంవత్సరములను పాఠకుడు మనస్సున నుంచుకొనవలయును. కథలో ఇవి మరల వచ్చును.

“డ్రైవరు పేరును తీసేయి. చదివేటప్పుడు దాని అవసరమే లేదు” అని చెప్పితిని. చదువునపుడు ఫైలును చూచి ఇది ఎవరి భాష యని గుర్తించు పని జీడాల్‌ది. మనము పేరు చెప్పుట ఆ పనికి అడ్డుపడుటయే. వ్రాయునపుడు మాత్రము ఏ భాషలో వ్రాయవలెనో మనమే చెప్పుట మేలు. వాడు పేరును తీసివేసెను. వేరొక తప్పు వచ్చినది.

ఈ రెండవ తప్పు మఱింత సామాన్యమైనది. ఫైల్ జియోడేటాబేస్ అనునది పేరునకు ఫైలు, రూపమునకు ఫోల్డరు. దానిని తెరచి చూచినచో, ఏ అనే అక్షరము తరువాత ఎనిమిది అంకెలును, పిదప జీడీబీటేబుల్, జీడీబీటేబులెక్స్ అను తోకలును గల ఫైళ్లు డజన్లకొలది కానవచ్చును. మా వాడు ఆ ఫోల్డరులోనికి దిగి, అందులో అన్నింటికంటె బరువైన ఫైలే అసలు సమాచారమై యుండునని యూహించి, దాని త్రోవను కోడులో వ్రాసికొనియుండెను. ఇంటికి వచ్చిన అతిథికి గుమ్మము చూపక గోడలోని ఇటుకను చూపినట్లు. త్రోవ డాట్ జీడీబీ వద్దనే ఆగవలయును. మఱియు ఈ ఫోల్డరును ఒకరినుండి ఒకరు పంపుకొనునపుడు జిప్ చేసి పంపవలయునే కాని, లోపలి ఫైళ్లను విడివిడిగా ఏరి పంపరాదు. ఒక్క చిన్న ఫైలు జారిపోయినను లేయరు లేయరే మాయము కావచ్చును.

త్రోవ సరిపడినది. లేయర్ల పేర్లు వచ్చినవి. చెరువుల లేయరులోని మొదటి అయిదు వరుసలను వాడు ఉత్సాహముతో నాకు చదివి వినిపించెను. అర్ధరాత్రి వేళ ఫోనులో బుక్కరాయసముద్రము పేరు వినుట నాకు కొంత హాయిగానే యుండెను.

ఇక తిరిగి వ్రాయుట. ఈసారి డ్రైవరు పేరును ఓపెన్‌ఫైల్‌జీడీబీ అని సరిగానే ఇచ్చెను. మరల నిరాకరణము. “మామా, నేను ఇందాకే కొత్త వెర్షన్ ఎక్కించినా కదా, 3.6 దాటే ఉంటాది” అని వాడు వాదించెను. ఎక్కించినమాట నిజమే. ఎక్కడికి ఎక్కించినాడన్నదే ప్రశ్న.

“ఒరే, నీ మిషన్‌లో పైథాన్‌లు ఎన్ని?”

“ఒకటే మామా.”

లెక్కించి చూడగా మూడు తేలినవి. ఎన్నడో నేరుగా ఎక్కించినదొకటి. కోండా ద్వారా వాడు తెచ్చుకొన్నదొకటి. క్యూజీఐఎస్ తనలో తాను దాచుకొని తెచ్చినది మూడవది. వాడు టెర్మినలులో పిప్ అని కొట్టిన ప్రతిమారును క్రొత్త సరకు కోండావారి యింటికి చేరుచున్నది. జూపిటర్ నోట్‌బుక్కు మాత్రము రెండేండ్ల క్రిందట అమర్చిన వేరొక కెర్నెలుతో, నేరుగా ఎక్కించిన ఆ పాత పైథాను యింటిలో, పాత ఫియోనాను పట్టుకొని కూర్చున్నది. నాలుగుసార్లు చేసిన పునఃస్థాపనములలో ఒక్కటియు రోగి ఉన్న యింటికి చేరలేదు. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట విన్నాము. కోండాను నాలుగుమారులు త్రవ్వి ఎలుకను కూడ పట్టనివానిని నేను అప్పుడే చూచితిని. ఈ మాట వానితో అనలేదు. ఆ వేళ వాడు నవ్వగల స్థితిలో లేడు.

కావున నా పద్ధతిలో మొదటి ప్రశ్న ఎల్లప్పుడు ఇదియే: జవాబు చెప్పుచున్నది ఎవరు? తప్పు వచ్చుచున్న చోటనే, అనగా నోట్‌బుక్కులో వచ్చుచున్నచో నోట్‌బుక్కులోనే, సిస్ అను మాడ్యూలును పిలిచి సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ఏమని చెప్పునో అచ్చువేయింపవలయును. అది చూపు త్రోవయే అప్పుడు మాటలాడుచున్న పైథాను చిరునామా. టెర్మినలులో వేరొక త్రోవ వచ్చినచో అక్కడ నీవు చేసిన పనులన్నియు పొరుగింటి సేవయే. పిప్ అని ఒంటరిగా పిలువక, పైథాన్ డ్యాష్ ఎమ్ పిప్ అని పైథాను ముఖముననే పిలిచినచో, ఏ పైథానుకు సరకు చేరుచున్నదో సందేహముండదు. నోట్‌బుక్కులో శాతపు గుర్తు పెట్టి పిప్ అని వ్రాసినచో ఆ కెర్నెలు ఇంటికే సరకు చేరును.

చిరునామా తేలిన పిదప రెండవ ప్రశ్న: ఆ యింటిలో ఏ జీడాల్ ఉన్నది? ఫియోనాకును పైఆగ్రియోకును అండర్‌స్కోర్లు రెండు, జీడీఏఎల్, వెర్షన్ అను మాటలు కలసిన ఒక గుణము కలదు. దానిని అచ్చువేసినచో అది మోసుకొని తిరుగుచున్న జీడాల్ వయస్సు తెలియును. ఒకే పైథానులో కూడ ఫియోనా వద్ద ఒక జీడాల్, రాస్టర్లను చదువు రాస్టీరియో వద్ద మఱియొక జీడాల్ ఉండవచ్చునని చెప్పినచో చాలమంది నమ్మరు. కాని పిప్ ద్వారా వచ్చు వీల్ మూటలు తమ తమ జీడాల్‌ను తామే కట్టుకొని వచ్చును. ఒకే యింటిలో వేరు పొయ్యిలు పెట్టుకొన్న అన్నదమ్ములవంటివి అవి. పెద్దవాని వంటింటిలో ఉప్పున్నంత మాత్రమున చిన్నవాని కూరకు రుచి రాదు.

మూడవ ప్రశ్న దుబాసీల హాజరుపట్టీని గూర్చినది. పైఆగ్రియోలో లిస్ట్ డ్రైవర్స్ అను ఫంక్షను తన జీడాల్‌లో నిజముగా ఉన్న వెక్టరు డ్రైవర్ల పేర్లను, ఒక్కొక్కరు చదువుట మాత్రమే ఎఱుగుదురో చదువుట వ్రాయుట రెండును ఎఱుగుదురో తెలుపు అక్షరములతో సహా చెప్పును. ఆర్ ఒక్కటియే ఉన్నచో చదువు మాత్రమే. ఆర్, డబ్ల్యూ రెండును ఉన్నచో వ్రాత కూడ. మా వాని నోట్‌బుక్కులోని పాత ఫియోనా పట్టీలో ఓపెన్‌ఫైల్‌జీడీబీ ప్రక్కన ఒంటరి ఆర్ నిలిచియుండెను. కోండాలోని పట్టీలో అదే పేరు ప్రక్కన రెండక్షరములు. 2014, 2022 సంవత్సరముల నడుమనున్న ఎడమంతయు ఆ ఒక్క అక్షరములో ఇమిడియున్నది. నోట్‌బుక్కునకు కోండా కెర్నెలును చూపించినంతనే ఫోల్డరు వ్రాయబడినది.

ఫియోనా పట్టీని గూర్చి ఒక మాట చెప్పక ముందునకు సాగలేను, ఏలయన దీనివలన జరుగు కాలహరణము నేను పెక్కుమారులు చూచితిని. ఫియోనాకు సపోర్టెడ్ డ్రైవర్స్ అను స్వంత పట్టీ ఒకటి కలదు. జీడాల్‌లో దుబాసి ఉన్నను, ఈ పట్టీలో పేరు లేనిచో ఫియోనా వాకిటివాడు లోపలికి విడువడు. కేఎమ్ఎల్ విషయము చిరకాలము ఇట్లే యుండెను: దుబాసి లోపలనే యున్నాడు, పట్టీలో పేరు లేదు. అందుచేత ఆ పట్టీలో కేఎమ్ఎల్ అను పేరును చదువు వ్రాత రెండింటితో మన చేతితో వ్రాసికొనినచో పని జరిగినది. ఆ చిట్కా ఒకరినుండి ఒకరికి ప్రాకి సర్వరోగనివారిణి యను కీర్తి సంపాదించినది. ఆ కీర్తిని నమ్మి జనులు లిబ్‌కేఎమ్ఎల్, ఫైల్‌జీడీబీ పేర్లను కూడ ఆ పట్టీలో వ్రాసి, ఏల పని జరుగలేదని వాపోవుచుందురు. హాజరుపట్టీలో పేరెక్కించినంత మాత్రమున దుబాసి పుట్టడు. వాకిటివాడు ఒప్పుకొని లోపలికి పంపును, లోపల కుర్చీ ఖాళీగా నుండును. అప్పుడు వచ్చు తప్పు మొదటిదానికంటె తికమకగా నుండును. పేరును చేతితో చేర్చుటకు పూర్వమే ఆ డ్రైవరు జీడాల్‌లో కూర్పబడినదో లేదో ఓజీఆర్‌ఇన్ఫో అను ఆజ్ఞకు ఫార్మాట్స్ అను మాట తగిలించి అడుగుట మేలు; కాని అడుగునది కూడ అదే యింటి ఓజీఆర్‌ఇన్ఫో అయి యుండవలయునని మరల చెప్పవలసివచ్చుచున్నది.

కుర్చీ నిజముగా ఖాళీయే అని తేలినచో మార్గములు రెండు. జీడాల్‌ను మూలమునుండి స్వయముగా కూర్చుకొనుట ఒకటి. దానిని నేను ఇద్దరు ముగ్గురికి తప్ప సలహా ఇయ్యను, ఆ ఇద్దరు ముగ్గురును నన్ను అడుగరు. కోండా ఫోర్జ్ అను భాండారమునుండి తెచ్చుకొనుట రెండవది. అక్కడ జీడాల్, ప్రోజ్, జియోస్ అను మూడు లైబ్రరీలును ఒకదానికొకటి సరిపడునట్లు కూర్చి ఉంచుదురు. కొన్ని బరువైన డ్రైవర్లను మాత్రము విడి మూటలుగా ఉంచుదురు. పోస్ట్‌గ్రెస్ దుబాసి కావలసినచో లిబ్‌జీడాల్ పీజీ, పార్కే ఫైళ్లకు లిబ్‌జీడాల్ యారో పార్కే అను పేర్లతో వేరుగా అడుగవలయును. జీడాల్ ఉన్నది, పోస్ట్‌గ్రెస్ డ్రైవరు లేదు అని ఆశ్చర్యపడువారు ఈ విడి మూటల సంగతి తెలియనివారు. ఇట్టిచోట పాత ఎన్విరాన్‌మెంటును మరమ్మతు చేయుటకంటె క్రొత్తదానిని సృష్టించి, జియోపాండాస్ మొదలుకొని అన్నింటిని ఒకే ఆజ్ఞలో ఎక్కించుట నాకు నచ్చును. సగము పిప్ సగము కోండాగా పెరిగిన యిల్లు వానకు ఎక్కడ కురియునో ఇంటివానికే తెలియదు.

పోస్ట్‌గ్రెస్ పేరెత్తితిని గనుక డ్రైవరు అను మాటలోని మఱియొక మోసమును చెప్పెదను. జియోపాండాస్‌లో రీడ్ పోస్ట్‌జీఐఎస్ అని పిలిచినపుడు జీడాల్‌కు పిలుపే అందదు. ఆ త్రోవలో నడుచునవి ఎస్‌క్యూఎల్ ఆల్కెమీయును, సైకోపీజీ అను వేరొక డ్రైవరును. అక్కడ తప్పు వచ్చినచో జీడాల్ పట్టీని వెదకువాడు రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొనినట్లు చేయుచున్నాడు. ఆ త్రోవలోని ప్రసిద్ధమైన తప్పులు వేరు. కనెక్షను వాక్యము పోస్ట్‌గ్రెస్ అని మొదలైనచో ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ 1.4 నుండి అంగీకరింపదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పూర్తిగా వ్రాయవలయును. చదువుట జరిగి వ్రాయుట జరుగనిచో, టూ పోస్ట్‌జీఐఎస్‌కు జియోఆల్కెమీ 2 అను మూట కూడ కావలయునని జ్ఞాపకము తెచ్చుకొనవలయును.

చెరువులను పోస్ట్‌గ్రెస్‌లోనికి ఎక్కింపబోగా మా వానికి మూడవ రాత్రి వచ్చిన తప్పు ఇంకొకటి: ‘టైప్ జామెట్రీ డజ్ నాట్ ఎగ్జిస్ట్’. పోస్ట్‌జీఐఎస్‌ను ఎక్కించియే ఉన్నానని వాడు, లేదని డేటాబేసు. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు. 2001లో కెనడాలోని విక్టోరియా నగరపు రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ సంస్థ వెలువరించిన ఈ పోస్ట్‌జీఐఎస్‌ను సర్వరులో ఒక్కమారు ఎక్కించిన చాలును. కాని ఆ సర్వరులోని ప్రతి డేటాబేసులోను క్రియేట్ ఎక్స్‌టెన్షన్ పోస్ట్‌జీఐఎస్ అని వేరువేరుగా ఆజ్ఞాపింపవలయును. అయిదు వాటాల యింటికి వీధిలోని కరెంటు స్తంభమొకటియే. మీటరు మాత్రము ఏ వాటాకు ఆ వాటా పెట్టించుకొనవలయును. వాడు ఎక్స్‌టెన్షనును పోస్ట్‌గ్రెస్ అను పేరుతో ముందే ఉండు డేటాబేసులో వేసి, చెరువులను తాను క్రొత్తగా తెరచిన డేటాబేసులో పోయుచుండెను.

ఆ రాత్రియే వేరొక చోట ప్రోజ్ కూడ అడ్డుతగిలినది. అక్షాంశ రేఖాంశములను సమతల కొలతలుగా మార్చు ప్రోజ్, అమెరికా భూగర్భ పరిశీలన శాఖలో జెరాల్డ్ ఎవెండెన్ చేతిలో పుట్టి, 2019లో వెలువడిన ఆరవ సంచికనుండి తన జ్ఞానములో అధికభాగమును ప్రోజ్ డాట్ డీబీ అను ఒకే ఎస్‌క్యూలైట్ ఫైలులో దాచుకొనుచున్నది. ఆ ఫైలు ఎచ్చటనున్నదో చెప్పుటకు ప్రోజ్ లిబ్ అను ఎన్విరాన్‌మెంట్ వేరియబులు కలదు, 9.1 నుండి దానికి ప్రోజ్ డేటా అని నూతన నామము. విండోసులో ఒకానొక ఇన్‌స్టాలరు మనలను అడుగకయే ఈ వేరియబులును తన ఫోల్డరు వైపు త్రిప్పిపెట్టి పోవును; ఆనాటినుండి పైథానులోని ప్రోజ్ తన యింటి పంచాంగమును వదలి పొరుగింటి పాత పంచాంగమును చూచి తిథులు చెప్పసాగును. అప్పుడు వచ్చు సందేశము చాల నిజాయతీగలది: ఈ ఫైలు వేరొక ప్రోజ్ స్థాపనమునుండి వచ్చినదని స్పష్టముగా చెప్పును. చదివినవానికి అందులోనే మందు కలదు. ఆ వేరియబులును తొలగించి, టెర్మినలును మూసి తెరచినచో చాలును. దానికి మఱియొక త్రోవను సరిగా పూరించుటకు ప్రయత్నింపవద్దు. నేడు సరియైనది వచ్చే యేడు సరికాదు, అప్పటికి నీవు దానిని పెట్టిన సంగతియే మరచియుందువు.

ఇన్ని చిక్కులలోను నేను వానిచేత చేయించిన పని ఒకటి కలదు. ఇంటిలోని పాత లెక్కల నోటు పుస్తకము నొకదానిని తీయించి, ఏ మార్పు చేసినను ఒక్కటియే చేసి, చేసిన వెంటనే గంటతోసహా దానిలో వ్రాయుమంటిని. తొలిరాత్రి వానికి ఇది నా ముసలితనపు చాదస్తముగా తోచినది. వాని నోటు పుస్తకమును తరువాత చూచితిని: మొదటి పుటలో మూడు పైథానుల త్రోవలు, వాని ప్రక్కన మూడు జీడాల్ సంఖ్యలు, క్రింద వంకరగీతతో ‘నోట్‌బుక్ ఇది కాదు’ అని వ్రాసి రెండుమారులు గీత గీసియున్నది. ఒకేసారి రెండు మార్పులు చేసినవాడు, ఫలము మంచిదైనను చెడ్డదైనను, దానిని ఏ మార్పునకు అంటగట్టవలెనో ఎఱుగడు.

నాలుగవనాటి ఉదయము వాడే ఫోను చేసెను. గొంతులో ఒక విచిత్రమైన నిబ్బరము.

“మామా, అన్నీ ఎక్కినాయి. పటం కూడా వచ్చినాది. కానీ చెరువులన్నీ మంచులో ఉండాయి.”

“మంచు ఏమిరా?”

“అనంతపురంలో లేవు మామా. ఉత్తర ధ్రువం దగ్గర ఏదో దీవిలో ఉండాయి.”

ఆ దీవి నార్వే వారి స్పిట్స్‌బర్గెన్. బుక్కరాయసముద్రము చెరువు ఉత్తరాక్షాంశము సుమారు 14.7, తూర్పు రేఖాంశము 77.6, ఈ రెండింటిని తారుమారు చేసినచో 77.6 ఉత్తరము, 14.7 తూర్పు అగును, అది ఆ దీవి దరిదాపులనే బడును. డెబ్బదియెనిమిదవ రేఖాంశము యూటీఎమ్ మండలములకు పొలిమేర. అనంతపురము 43వ మండలములోను, కడప 44వ మండలములోను బడును, ఒక మండలపు కొలతలు ఇంకొక మండలమునకు చెల్లవు గనుక, 43లోని కొలతలను అక్షాంశ రేఖాంశములుగా మార్చు పనిని వాడు ప్రోజ్‌ను పైథానునుండి పిలుచు పైప్రోజ్‌లోని ట్రాన్స్‌ఫార్మరునకు అప్పగించెను. ప్రోజ్ ఆరవ సంచికనుండి 4326 అను సంకేతముగల అక్షాంశ రేఖాంశ కూటమునకు దాని ప్రమాణపత్రములో నున్న వరుసనే పాటించును: అక్షాంశము ముందు, రేఖాంశము వెనుక. మా వాడు మొదట వచ్చినదానిని ఎక్స్ అనుకొనెను. రాజు పేరుగల చెరువు ధ్రువపుటెలుగుల పాలైనది.

“ఈసారి డ్రైవరు తప్పేమీ లేదు గదా?” అని వాడే అడిగెను.

“లేదు. ఆల్వేస్ ఎక్స్‌వై అని ఒక మాట ఉంటాది, దానికి ట్రూ అని పెట్టు.”

కీబోర్డు టపటపలు వినబడినవి. పటము మరల గీయబడుటకు పట్టినంతసేపు ఇరువురము మాటలాడలేదు. “వచ్చినాది మామా,” అనెను, “మన ఊరికే.” పిదప ఫోను పెట్టివేయక, నోటు పుస్తకమును దగ్గరకు లాగికొని, తాను వ్రాయుచున్న మాటలను పైకి చదువసాగెను: గంట తొమ్మిది నలుబది, మార్పు ఒకటే.